మద్దిలేటి పక్క సీటు

మద్దిలేటి పేరు చెబితే కర్నూలు జనం ఆయన వేళ్లను తలుచుకుంటారు. గిటారు మీద ఆ వేళ్లు పరిగెత్తే తీరు అలాంటిది. నాకు మాత్రం ముందు ఆయన కాళ్లు గుర్తొస్తాయి. వాయించేవాళ్లంతా ఒక కాలితో తాళం వేస్తే ఈయన రెండు కాళ్లూ మార్చి మార్చి తొక్కేవాడు. కోడుమూరులో నేతపని చేసే ఇంట్లో పుట్టి, మీసాలు వచ్చేదాకా మగ్గం గుంతలో కాళ్లాడించిన మనిషి మరి. "ఏమన్నా, చీర ఎంతవరకు వచ్చింది?" అని స్టేజీ మీదే ఎగతాళి చేసేదాన్ని. ఆయన నవ్వి ఊరుకునేవాడు. దేనికైనా నవ్వి ఊరుకోవడమే ఆయన పద్ధతి. ఆ పద్ధతే ఆయన కొంప ముంచింది.

నా పేరు పద్మప్రియ. ఆర్కెస్ట్రాలో ఆడగొంతు పాటలన్నీ నావే. వాల్‌పోస్టర్ల మీద నా ఫొటో అందరికన్నా పెద్దదిగా వేసేవాళ్లు, చిన్నదిగా వేస్తే నేను ఊరుకోను కాబట్టి. ఆర్కెస్ట్రా నడిపేది రాఘవేంద్రప్రసాద్ గారు. వన్‌టౌన్‌లో వాళ్లకు తాతలనాటి స్టీలు సామాన్ల అంగడి ఉండేది. మేమంతా శెట్టి అనే పిలిచేవాళ్లం. పగలు గిన్నెలు అమ్మేవాడు, రాత్రయితే మమ్మల్ని వ్యాన్‌లో కుక్కి నంద్యాల అనీ కడప అనీ పత్తికొండ అనీ పెళ్లిళ్లకు తిప్పేవాడు.

మాలో పాటా పాడని, ఏ వాయిద్యమూ పట్టని మనిషి ఒక్కడే ఉండేవాడు. అతనే బొజ్జన్న. పేరుకు బొజ్జన్న గానీ ఒంట్లో బొజ్జ కాదు కదా, కండ కూడా లేదు. కర్నూల్లోని నంద్యాల చెక్‌పోస్టు దగ్గర అతనికి రేడియోలు బాగుచేసే కొట్టు ఉండేది. రేడియోలు వినేవాళ్లే లేకపోయాక ఆ కొట్టు ఎందుకు తెరిచేవాడో ఆయనకే తెలియాలి. పత్తికొండలో టూరింగ్ టాకీసు మూతపడినప్పుడు, అందులోని పాత యాంప్లిఫయరును తూకానికి అమ్మేస్తుంటే ఈయన తెచ్చుకుని, ఒక టేకు పెట్టెలో బిగించి, మద్దిలేటి గిటారు కోసం దాన్ని సిద్ధం చేశాడు. ఇప్పటి వాటిలా కాదు, అందులో గాజు వాల్వులు ఉండేవి. స్విచ్చి వేస్తే లోపల ఎర్రగా వెలిగేవి. మేము దాన్ని డబ్బా అనేవాళ్లం.

అబ్బబ్బ, దాని గారాలు చెప్పతరం కాదు! స్విచ్చి వేయగానే పలకదు. "కాగనీప్పా, డబ్బా కాగల్ల" అని బొజ్జన్న దాని ముందు గొంతు కూర్చునేవాడు, పొయ్యి మీద పాలు పెట్టినట్టు. కాగిన దుమ్ము వాసన వచ్చాకే మద్దిలేటి తీగ ముట్టుకోవాలి. కానీ కాగాక ఆ డబ్బా పలికే తీరు వేరు. మెల్లగా మీటితే మెల్లగా, దగ్గర కూర్చుని మాట్లాడినట్టు పలికేది. గట్టిగా కొడితే గొంతు చించుకునేది. ఆ రెంటికీ నడుమ ఎన్ని మెట్లున్నాయో మద్దిలేటి వేళ్లకు తెలుసు.

ప్రయాణమప్పుడు ఆ వాల్వులతో ఇంకో తంటా. మన రోడ్ల మీద పెట్టెలోనే ఉంచి తీసుకుపోతే గుంతల దెబ్బకు పగిలిపోతాయి. అందుకని బయల్దేరే ముందు బొజ్జన్న వాటిని ఒక్కొక్కటే పీకి, భార్య గిడ్డమ్మ పాత నూలు చీర ముక్కలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. ఎప్పుడూ మద్దిలేటి పక్క సీటే. గుంత వస్తే వాల్వుల మూటను రెండు చేతులా పైకెత్తేవాడు. మద్దిలేటి ఆయన మోచేతులు పట్టుకుని ఆసరా ఇచ్చేవాడు. దారంతా ఇద్దరూ గుసగుసలే. పాట గురించో, ఊర్లో వానల గురించో, ఏదో ఒకటి. "మీకు పెళ్లయిందని మీ ఆడవాళ్లకు తెలుసా?" అని నేను వెనక సీటులోంచి అడిగితే వ్యాన్ అంతా నవ్వేది. మద్దిలేటికి ఆ మనిషి ఒక్కడి దగ్గరే నోరు తెరుచుకునేది. మాతో అన్నీ పొడి మాటలే.

అలా ఏళ్లు గడిచాక కమలాపురంలో ఒక పెళ్లికి పోయాం. పెళ్లికొడుకు మేనమామ లేచి గిటారు పాట ఒకటి అడిగాడు. పాట సగంలో ఉండగా కరెంటు వోల్టేజీ పడిపోయింది. లైట్లు మసకబారాయి. మిగతా సామాన్లన్నీ ఎలాగో ఈడ్చుకొచ్చాయి గానీ డబ్బా మాత్రం గురక పెట్టి చల్లబడింది. బొజ్జన్న దాని వెనక చేరి వాల్వులు తడుముతున్నాడు. మేనమామ మాత్రం మైకు లాక్కుని, "గుజరీలో కొన్న పాత సామాన్లు తెచ్చినారా మా పెండ్లికి?" అని జనం మధ్యలో అరిచాడు. మద్దిలేటికి తల కొట్టేసినట్టయింది. పలకని గిటారు పట్టుకుని, నవ్వడానికి చూసి, నవ్వలేక నిలబడ్డాడు.

తిరుగు ప్రయాణంలో మొదటిసారి వాళ్లిద్దరూ మాట్లాడుకోలేదు.

నెల తిరక్కముందే శెట్టి బెంగుళూరు నుంచి గిటారుకు తగిలించే ప్రాసెసర్ తెచ్చాడు. చపాతీ పీట కన్నా కొంచెం పెద్దది. కాలితో నొక్కే మీటలు, వెలిగే అంకెలు. ఏ దేశపు ఏ యాంప్లిఫయరు ఎలా పలుకుతుందో లెక్కలు కట్టి లోపల పెట్టారట. కావలసినది నొక్కుకుంటే అలా పలుకుతుందట. కాగే పని లేదు, పగిలే భయం లేదు. వోల్టేజీ పడిపోతే దానికి లెక్కే లేదు. సంచిలో వేసుకుని భుజానికి తగిలించుకోవచ్చు. మద్దిలేటి దాని మీద కాళ్లు పెట్టగానే, కుడీ ఎడమా మీటలు తొక్కుతూ ఉంటే, ఆయన మగ్గం ఆయనకు దొరికినట్టే ఉంది. ఆ మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. అబద్ధమెందుకు చెప్పాలి, ఆ యంత్రం మీద ఆయనకు మనసు పడింది.

శెట్టి నా ముందే విషయం తేల్చి చెప్పాడు. "మద్దిలేటీ, వ్యాన్‌లో ఇంగ జాగా ల్యాదు. కోరస్‌కు ఇద్దరు అమ్మాయిలు వస్తాండారు. డబ్బా ఉంటే బొజ్జన్న ఉండల్ల. డబ్బా ల్యాకపోతే బొజ్జన్నతో పనేముంది? అట్లని నేను బలవంతం చెయ్యను. గిటారు నీది, చెవి నీది. డబ్బానే కావాలంటే డబ్బానే పెట్టుకుందాం, అమ్మాయిల్ని వద్దంటా. నువ్వు తేల్చి, బొజ్జన్నకు నువ్వే చెప్పు."

అంతే. ఇంతకన్నా సూటిగా ఎవరు చెబుతారు? ప్రాసెసర్ కావాలంటే బొజ్జన్న దిగిపోవాలి. బొజ్జన్న కావాలంటే ప్రాసెసర్‌ను వెనక్కి పంపాలి. ఈ మాట బొజ్జన్నకు చెప్పాల్సిన నోరు ఒక్క మద్దిలేటిదే. కానీ ఆయనకు మొహమాటం! కక్కలేక మింగలేక వారం రోజులు తిరిగాడు. "చెప్పినావా అన్నా?" అని అడిగితే "చెప్తాలే" అనేవాడు. చివరికి ఆ మొహమాటం ఆయన చేత ఎవరూ చేయని పని చేయించింది. వ్యాన్‌లోంచి దిగాల్సిన మనిషినే పిలిచి తీర్పు చెప్పమన్నాడు.

మేము పాటలు సాధన చేసుకునే గది ఒక పిండిమర మీద ఉండేది. ఆదివారం మర ఆడదు కాబట్టి ఆ రోజు ఇద్దరూ కూర్చున్నారు. ప్రాసెసర్‌ను డబ్బాలాగా పలికించాలట. బొజ్జన్న ఎంత ఇష్టంగా చేశాడనుకున్నారు! చెవి దగ్గర పెట్టుకుని, "ఈడ బొంగురు తక్కువైంది చూడు, రవంత పెంచు" అంటాడు. "అంచు కోస్తాండాది, తగ్గించు" అంటాడు. మద్దిలేటి మీటలు తిప్పుతాడు. మధ్యాహ్నం గిడ్డమ్మ ఉగ్గాని పంపితే అది కూడా ఒకే పళ్లెంలో తిన్నారు. తన సీటు తీసేసే యంత్రానికి ఆ మనిషి తన చేతులతో నగిషీలు చెక్కుతుంటే నేను చూడలేకపోయాను. లేచి వరండాలోకి పోయాను.

సాయంత్రానికి పరీక్ష పెట్టారు. బొజ్జన్న గోడవైపు తిరిగి కూర్చున్నాడు. మద్దిలేటి ఒకే పాట ముక్కను ఒకసారి డబ్బాలో, ఒకసారి ప్రాసెసర్‌లో వాయించాడు. గట్టిగా, జోరుగా ఉండే ముక్కే ఎంచుకున్నాడు. మళ్లీ మార్చి వాయించాడు. నా చెవులకు శ్రుతి తెలుసు గానీ డబ్బాల మర్మం తెలియదు, రెండూ దాదాపు ఒకటే అనిపించాయి.

వాయించడం ఆపి మద్దిలేటి అడిగాడు. "ఏమన్నా, తేడా ఏం ల్యాదు గదా?"

బొజ్జన్న వెంటనే ఇటు తిరగలేదు. గోడ మీద సున్నం పెచ్చు ఒకటి గోటితో గీకాడు. తరువాత తిరిగి మద్దిలేటి మొహం కేసి చూసి, నిండుగా నవ్వాడు.

"ఒగటేప్పా. రెండూ ఒగటే. నాకే తెలుస్తాలేదంటే ఇంగెవరికి తెలుస్తాది? ఇంగ ఆ బరువు యాల మోసేది?"

మద్దిలేటి ఎంత తేలికపడ్డాడంటే, లేచి వెళ్లి బొజ్జన్న భుజాలు పట్టుకున్నాడు. డబ్బాను ఇద్దరూ మోసుకుని బొజ్జన్న కొట్టులో పెట్టి వచ్చారు. తీర్పు బొజ్జన్నే చెప్పాడు కాబట్టి తను చెప్పాల్సింది ఇంకేమీ లేదనుకున్నాడు మద్దిలేటి. వ్యాన్ సంగతి ఎవరూ ఎత్తలేదు. అదేనండీ ఆయన మొహమాటం! డబ్బా మాట ముగిసింది గానీ మనిషి మాట అసలు మొదలే కాలేదు.

ఆ తర్వాత వచ్చిన కార్యక్రమం కడపలో. ఎప్పుడూ మధ్యాహ్నం భోంచేసి బయల్దేరేవాళ్లం. చెక్‌పోస్టు దగ్గర టీకొట్టు ముందు బొజ్జన్న ఎక్కేవాడు. ఆ రోజు మద్దిలేటి డ్రైవరుకు ఫోను చేసి, ఎందుకైనా మంచిదని, పొద్దున్నే బండి తీయమన్నాడు. నాకు టిఫిను కూడా లేదు. "ఏం ముంచుకొచ్చిందని?" అని దారంతా సణిగాను. చెక్‌పోస్టు వచ్చినప్పుడు మద్దిలేటి వంగి ప్రాసెసర్ సంచి జిప్పు సర్దుకుంటూ కూర్చున్నాడు. టీకొట్టు దాటాక తల ఎత్తాడు. ఆయన పక్క సీటులో కోరస్ పిల్ల రమ్యశ్రీ కూర్చుని చెవుల్లో వైర్లు పెట్టుకుంది.

ఆ తర్వాత మంచి రోజులే నడిచాయి, కాదనను. కొత్త సినిమా పాటల్లో గిటారు ఎలా ఉంటే అచ్చం అలా పలికించేవాడు. కడప ఆర్కెస్ట్రావాళ్లు వచ్చి ఆయన కాళ్ల దగ్గరి యంత్రాన్ని వంగి చూసేవాళ్లు. కానీ వ్యాన్‌లో ఆయన మాట పడిపోయింది. ఎవరు పక్కన కూర్చున్నా కిటికీవైపు తిరిగేవాడు. పెద్ద గుంత వస్తే చేతులు వాటంతటవే పక్కకు లేచి, పట్టుకోవడానికి ఎవరి మోచేతులూ లేక, మళ్లీ ఒళ్లో పడేవి. "బొజ్జన్నను ఒకసారి చూసి రావచ్చు కదా అన్నా" అంటే "పోవల్ల, పోవల్ల" అనేవాడు. పోవడానికి మొహం చెల్లక అలా అని ఉంటాడు. ఆలస్యమైన కొద్దీ ఆ సిగ్గు ఇంకా పెరుగుతుంది కదా. ఒకరోజు చూస్తే బొజ్జన్న కొట్టుకు తాళం వేలాడుతోంది. ఎవరో ఆలూరు వెళ్లిపోయాడన్నారు.

రెండు వేల తొమ్మిదిలో తుంగభద్ర కర్నూలు మీద పడింది. వన్‌టౌన్ మునిగింది. శెట్టి అంగట్లో గిన్నెలు వీధుల్లో తేలుతూ పోయాయి. మద్దిలేటి ఇంట్లో నీళ్లు తీసినాక ప్రాసెసర్ బురదలో దొరికింది. ఆయన దాన్ని కుళాయి కింద కడిగి మిద్దె మీద ఎండబెట్టాడు. అంకెలు వెలిగాయి, శబ్దం మాత్రం రాలేదు. శెట్టికి ఇల్లు నిలబెట్టుకోవడమే గగనమైంది, ఆర్కెస్ట్రా అక్కడితో సరి. చచ్చిన యంత్రాన్ని ఒళ్లో పెట్టుకుని మద్దిలేటి నాతో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "పద్మా, బొజ్జన్న కూచుని పెట్టిన శబ్దం దీంట్లో ఉండె. అదీ పాయె."

మా అక్కను ఇచ్చింది ఆలూరుకే. వరద తర్వాత అక్కడ కొన్నాళ్లున్నాను. ఒక శనివారం సాయంత్రం భజన వినిపిస్తుంటే, గొంతులు బండగా ఉన్నాయి గానీ మైకు శబ్దం ఏదో తెలిసినట్టుంది. వెళ్లి చూస్తే భజనగుడి మూల మన డబ్బా! వెనక గొంతు కూర్చుని బొజ్జన్న! నన్ను చూసి "పాపా!" అని ఎగిరి గంతేశాడు. ఫ్యాన్లూ మోటార్లూ చుట్టుకుంటూ బతుకుతున్నాడట. మొదటి మాటే "మా మద్దిలేటి ఎట్లుండాడు?" అని. అప్పటికప్పుడు ఫోను చేసి మద్దిలేటిని తిట్టాను. మరుసటి శనివారం గిటారు మోసుకుని బస్సు దిగాడు.

భజనకు ఇంకా జనం రాలేదు. గిడ్డమ్మ కూడా వచ్చి గడపలో కూర్చుంది. పెద్దగా పలకరించలేదు. బొజ్జన్న మాత్రం ఏమీ జరగనట్టే డబ్బాకు స్విచ్చి వేసి, "కాగనీప్పా" అని చెయ్యి అడ్డం పెట్టాడు. దుమ్ము వాసన వచ్చింది. మద్దిలేటి చాలా మెల్లగా ఒక తీగ మీటాడు. డబ్బా అంత మెల్లగానూ పలికింది. ఇంకా తగ్గించాడు. అది ఇంకా తగ్గింది. ఊపిరంత అయింది గానీ పోలేదు. ఆరేళ్లుగా ఆయన ఎంత మెల్లగా మీటినా ఎంత గట్టిగా కొట్టినా ఒక్కలాగే అరిచిన యంత్రం నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఈ తేడా నాలాంటిదానికే తెలిసింది. వాయించేవాడికి తెలియదా?

మద్దిలేటి చెయ్యి ఆగిపోయింది.

"అన్నా, ఒగటే అంటివే ఆ పొద్దు."

"అంటి."

"ఇది యాడ, అది యాడ! నీకు తెలీకుండా ఉంటాదా?"

బొజ్జన్న తల గోక్కున్నాడు. "తెలీక యాడికి పోతాది? మొదటి మీటుకే తెలిసె. నువ్వు తేడా ఏం ల్యాదు గదా అని అడిగితివి. ఆ అడిగేటప్పుడు నీ గొంతు నువ్వే యినుంటే నువ్వూ ఆ మాటే చెప్పుంటావు. కమలాపురంలో నా డబ్బా వల్లే గదా నీ మర్యాద పాయె. నీకు అది కావాలని ఉండె. తేడా ఉండాదని నేనెట్ల అనేదప్పా?"

"నేను బాధపడతానని అబద్ధం చెప్తివా?"

"కానీలే, డబ్బాదేముంది..."

గడపలోంచి గిడ్డమ్మ అందుకుంది. "డబ్బాదేం ల్యాదు. కడప పోతిరే, ఆ పొద్దు సంగతి చెప్పు. చెప్పవా? నేను చెప్తా. తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకొని మద్యాన్నమే పోయి టీకొట్టు కాడ కూచుండె. నేను, డబ్బా ఈడనే ఉండాది గదా, నువ్వెందుకు పోతాండావు అంటి. 'డబ్బా ల్యాకుంటే ఏం, మద్దిలేటి పక్కన కూచోని పోతా. ఈసారి ఒళ్లో బరువు ల్యాదు, హాయిగా మాట్లాడుకుంటా పోతాం' అనె. పొద్దు గూకిందాక కూచొని వచ్చె. వ్యాన్ పొద్దున్నే పాయెనని టీకొట్టాయప్ప చెప్పినా నమ్మల్యా."

"ఊరుకోవే" అన్నాడు బొజ్జన్న. మద్దిలేటి వైపు చూడకుండా డబ్బా మీద దుమ్ము తుడిచాడు. "డబ్బా వద్దనుకున్నారు, సరే అనుకుంటి. నన్ను గూడా వద్దనుకున్నారని నాకు తెలీల్యాప్పా. తెలిసింటే పొయ్యుండను. అంతే."

మద్దిలేటి ఈసారి నవ్వి ఊరుకోలేకపోయాడు. గిటారు ఒళ్లోనే ఉంది. దాని మీదకు వంగిపోయి, అంత మనిషి, వెక్కి వెక్కి ఏడ్చాడు. నోటితో ఒక్క మాట చెప్పి ఉంటే అయిపోయేది. "అన్నా, నీకు సీటు లేదు" అని అయినా సరే, "డబ్బా వద్దు గానీ నువ్వు రా" అని అయినా సరే. ఒకటి చెబితే బొజ్జన్న ఇంట్లో ఉండేవాడు, రెండోది చెబితే వ్యాన్‌లో ఉండేవాడు. రెండూ చెప్పకపోయేసరికి ఆ మనిషి ఇస్త్రీ చొక్కాతో రోడ్డు పక్కన కూర్చున్నాడు. కోపంతో నా ఒళ్లు మండింది, కానీ ఏడుస్తున్న మనిషిని ఏమని తిట్టేది?

ఇంతలో భజన జనం తాళాలు పట్టుకుని లోపలికి వచ్చారు. గిటారు మీద వంగి ఏడుస్తున్న కొత్త మనిషిని చూసి వాళ్ల పెద్ద నరసన్న గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఎవరు బొజ్జన్నా ఈయప్ప?"

గిటారు గొప్పగా వాయిస్తాడని చెబుతాడనుకున్నాను. పోస్టర్ల మీద ఫొటో వేసేవాళ్లని చెబుతాడనుకున్నాను. బొజ్జన్న మద్దిలేటి పక్కకు జరిగి, చాప మీద ఆనుకుని కూర్చుని, ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు.

"మా మద్దిలేటి. వ్యాన్‌లో నా పక్క సీటు ఈయప్పదే" అన్నాడు.